చెయ్యి పట్టు తప్పింది, మూలం ఊపిరితిత్తిలో దొరికింది: మెదడుకు పాకిన ఒక క్యాన్సర్ కేసు

రోగి వయసు 54. గృహిణి. సొంతూరు సూర్యాపేట వైపు, చాలా ఏళ్లుగా కుటుంబంతో కూకట్‌పల్లిలో ఉంటున్నారు. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పొగతాగే అలవాటు ఆమెకూ లేదు, ఇంట్లో ఎవరికీ లేదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ కట్టెల పొయ్యి మీదే వంట. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యం నడిచిన క్రమం మాత్రం మార్చలేదు.

నేను రేడియేషన్ ఆంకాలజిస్టుని. మెదడులో మచ్చలు అనగానే కుటుంబం అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని ఉన్నాయి మేడం?" కేసు పంపిన డాక్టరు ఫోన్‌లో అడిగేదీ అదే. ఒకటైతే సర్జరీ, ఎక్కువైతే మెదడంతటికీ కరెంటు (రేడియేషన్) అన్న పాత లెక్క చాలామంది మనసులో ఇంకా ఉంది. ఈ కేసులో మా నిర్ణయాలు చాలావరకు వేరే ప్రశ్నల మీద నడిచాయి. ఇది ఎక్కడి క్యాన్సర్, దాని జన్యువుల్లో ఏముంది, ఐదు మచ్చల్లో ఇబ్బంది పెడుతున్నది ఏది? అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

మా దగ్గరికి రాకముందు

నెలన్నరగా తలనొప్పి. తెల్లవారుజామున ఎక్కువ, ఒకసారి వాంతి అయితే కాస్త తేలిక. పడుకున్నప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, లోపల గడ్డ ఉన్నవాళ్లకు పొద్దున నొప్పి ఎక్కువగా ఉండటం తెలిసిన విషయమే. కానీ తలనొప్పితో వచ్చే వందలమందిలో ఇలాంటివాళ్లు ఒకరో ఇద్దరో. దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ మాత్రలు ఇచ్చారు, తర్వాత మైగ్రేన్ అన్నారు, మధ్యలో కళ్లద్దాలు కూడా మార్పించుకున్నారు. వీళ్లలో ఎవరినీ నేను తప్పుపట్టను.

తప్పిపోయిన సూచన వేరే ఉంది. ఎడమచేతిలో గరిటె జారిపోవడం మొదలైంది. చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. షుగర్ వల్ల నరాలు బలహీనపడ్డాయని ఇంట్లో అనుకున్నారు. షుగర్ నరాల జబ్బు సాధారణంగా రెండు పాదాల నుంచీ మొదలై పైకి వస్తుంది. ఒక్క చెయ్యి మాత్రమే, అదీ కొన్ని వారాల్లోనే బలహీనపడితే కారణం షుగర్ అని సరిపెట్టుకోకూడదు.

ఒక ఆదివారం ఎడమ బొటనవేలు దానంతటదే కొట్టుకోవడం మొదలైంది. అది మణికట్టుకు, మోచేతికి, మూతికి పాకింది. రెండు నిమిషాలు. స్పృహ పోలేదు, అంతా తెలుస్తూనే ఉంది. ఫిట్స్ అంటే కింద పడి నురగలు కక్కడమే అనుకునే ఇంట్లోవాళ్లకు ఇది ఫిట్స్‌లా అనిపించలేదు. "టెన్షన్ వల్ల వణికింది" అనుకున్నారు. ఇలా ఒక వేలి దగ్గర మొదలై పైకి పాకే ఫిట్స్ మెదడులో కదలికల్ని నడిపించే పట్టీ దగ్గర ఏదో ఉందని చెబుతుంది. ఎడమచెయ్యి కాబట్టి అది కుడివైపు. యాభై దాటాక మొదటిసారి ఇలాంటిది వస్తే మర్నాటికే స్కాన్ అయిపోవాలి.

టీబీ గడ్డా, క్యాన్సరా

ముందు మామూలు సీటీ తీశారు. కుడివైపు ముందు భాగంలో పెద్ద వాపు కనిపించింది. తర్వాత కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన ఎంఆర్ఐలో మొత్తం ఐదు మచ్చలు. కుడి ఫ్రంటల్ భాగంలో, చేతిని నడిపించే పట్టీకి ఆనుకుని 2.8 సెంటీమీటర్లది ఒకటి. అంచు మెరుస్తూ, మధ్యలో కుళ్లినట్టుగా, చుట్టూ చాలా వాపుతో ఉంది. ముల్లు గుచ్చుకున్న చోట చుట్టూ వాచినట్టు, మెదడులో కూడా గడ్డ కన్నా దాని చుట్టూ చేరిన నీరే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మిగతా నాలుగూ సెంటీమీటరు లోపువే. మూడు పెద్ద మెదడులో, ఒకటి చిన్న మెదడులో.

అంచు మెరిసే మచ్చ అమెరికాలో కనిపిస్తే మొదట తలచుకునేది క్యాన్సర్‌నే. మన దగ్గర ఆ జాబితాలో టీబీ గడ్డ, బద్దెపురుగు (టేప్‌వార్మ్) గడ్డ, చీము గడ్డ కూడా ఉంటాయి. కుటుంబం మొదట కలిసిన డాక్టరు టీబీ కావచ్చన్నారు. కొడుకు నా దగ్గరికొచ్చి "టీబీ అయితే బాగుండు మేడం, ఆరు నెలల మందులతో పోతుంది కదా" అన్నాడు. మెదడు టీబీకి ఆరు నెలలు చాలవు, కానీ అతను అడుగుతున్నది అది కాదని నాకు తెలుసు.

ఎంఆర్ఐలోనే కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. చీము గడ్డ అయితే డిఫ్యూజన్ అనే రకం ఎంఆర్ఐ చిత్రాల్లో మధ్యభాగం తెల్లగా వెలుగుతుంది, ఇక్కడ అలా లేదు. బద్దెపురుగు గడ్డలో పురుగు తల చుక్కలా కనిపించవచ్చు, అదీ లేదు. టీబీ గడ్డ టీ2 అనే రకం చిత్రాల్లో తరచుగా నల్లగా ఉంటుంది. గడ్డలోని రసాయనాలను చూపే స్పెక్ట్రోస్కోపీలో కొవ్వు శిఖరం కనిపిస్తే టీబీ అని కొందరు తేల్చేస్తారు. మధ్యలో కుళ్లిన క్యాన్సర్ గడ్డలోనూ అదే శిఖరం రావచ్చు. ఇక మచ్చలున్న చోటు చూడండి. మెదడు పైపొరా లోపలి తెల్ల పదార్థమూ కలిసే గీత మీదే ఎక్కువ ఉన్నాయి. రక్తనాళాలు అక్కడ సన్నబడతాయి కాబట్టి రక్తంలో కొట్టుకొచ్చిన క్యాన్సర్ కణాల గుంపు అక్కడే చిక్కుకుంటుంది. మెదడుకు పాకిన మచ్చల్లో సుమారు 80 శాతం పెద్ద మెదడులో, 15 శాతం చిన్న మెదడులో ఉండటానికి కారణం కూడా ఎక్కువగా రక్త ప్రవాహమే.

ఇన్ని ఆనవాళ్లున్నా స్కాన్ చూసి వైద్యం మొదలుపెట్టకూడదు. 1990లో అమెరికాలో ప్యాచెల్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. మెదడులో ఒకే మచ్చ ఉన్నవాళ్లకు సర్జరీతో పాటు రేడియేషన్ ఇస్తే, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పటికన్నా ఎక్కువకాలం బతుకుతారని తేల్చింది. 15 వారాలకు బదులు 40 వారాలు. అందరూ గుర్తుంచుకునేది ఆ అంకెనే. నాకు గుర్తుండేది అందులోనే ఉన్న ఇంకో అంకె. చేర్చుకున్న 54 మందికి ముక్క తీసి చూస్తే ఆరుగురిది అసలు మెదడుకు పాకిన క్యాన్సరే కాదు. క్యాన్సర్ ముందే ఉందని తెలిసిన రోగుల్లో, టీబీ అరుదైన దేశంలో తేలిన లెక్క అది. మన దగ్గర పొరపాటు రెండువైపులా జరగొచ్చు. క్యాన్సర్ రోగులు టీబీ మందులు మింగుతూ నెలలు పోగొట్టుకుని మా దగ్గరికి రావడం నేను చూస్తూనే ఉంటాను.

ఛాతీ సీటీలో మూలం దొరికింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 3.2 సెంటీమీటర్ల గడ్డ, మధ్యలో లింఫ్ గ్రంథులు. పెట్ స్కాన్‌లో ఒక పక్కటెముకలో కూడా మెరుపు. దగ్గు లేదు, రక్తం పడలేదు, ఆయాసం లేదు. ఊపిరితిత్తి క్యాన్సర్ మొదటి లక్షణం తలలో బయటపడటం అరుదు కాదు. మెదడుకు పాకే క్యాన్సర్లలో ముందు వరుస ఊపిరితిత్తులది, తర్వాత రొమ్ముది. పాశ్చాత్య పుస్తకాల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కూడా అదే వరుసలో ఉంటుంది, మన దగ్గర దాన్ని చూసేది తక్కువ.

సీటీ సాయంతో ఊపిరితిత్తి గడ్డ నుంచి సూదితో ముక్క తీశారు. అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలింది. తల తెరిచి ముక్క తీయాల్సిన అవసరం తప్పింది.

మొదటి వారం

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 8 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. ఈ మందు క్యాన్సర్‌ను ఏమీ చేయదు, వాపును లాగేస్తుంది. మూడో రోజుకు తలనొప్పి పోయింది, చేతికి పట్టు చాలావరకు వచ్చింది. కుటుంబం జబ్బు తగ్గిపోయిందనుకుంది. ప్రతి కేసులోనూ ఇదే జరుగుతుంది, ప్రతిసారీ అదే చెప్పాల్సి వస్తుంది. మెదడు లింఫోమా అనుమానం ఉంటే మాత్రం ముక్క తీయకముందు స్టెరాయిడ్ ఇవ్వకపోవడమే మేలు. గడ్డ కరిగిపోయి ముక్కలో ఏమీ తేలదు. ఇక్కడ ఆ అనుమానం లేదు.

షుగర్ 380కి వెళ్లింది. ఇన్సులిన్ పెట్టాం. స్టెరాయిడ్ రెండో డోసు రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు, కాబట్టి ఉదయం, మధ్యాహ్నం వేసుకోమన్నాం. ఫిట్స్‌కి లెవెటిరాసెటమ్. ఫిట్స్ ఒక్కసారైనా వచ్చినవాళ్లకే ఈ మందు. మచ్చలున్నాయి కదా అని ఎన్నడూ ఫిట్స్ రానివాళ్లకు ముందుజాగ్రత్తగా ఇవ్వాల్సిన పని లేదు.

ముక్కను జన్యు పరీక్షకు పంపాం. అదే రోజు రక్తం తీసి లిక్విడ్ బయాప్సీకీ, అంటే అదే జన్యు మార్పుల్ని రక్తంలో వెతికే పరీక్షకూ పంపాం. ముక్క మీద పరీక్షకు రెండు వారాలు పడుతుంది, రక్తానిది వారంలో వస్తుంది. రక్తంలో కనబడితే నమ్మవచ్చు. కనబడకపోతే లేదని కాదు, ముక్క రిపోర్టు కోసం ఆగాల్సిందే.

అందరికీ కష్టమయ్యేది ఈ వారమే. "తలలో గడ్డలు పెట్టుకుని రిపోర్టు కోసం కూర్చోవాలా?" అని పెద్దల్లుడు గట్టిగానే అడిగారు. మర్నాడే మెదడంతటికీ రేడియేషన్ మొదలుపెట్టేస్తామని వాళ్లకు వేరే చోట చెప్పారట. స్టెరాయిడ్‌తో మనిషి కుదుటపడితే, తలలో ఒత్తిడి ప్రమాదకరంగా లేకపోతే, వారం ఆగడం వల్ల పోయేదేమీ లేదు. ఆ వారంలో వచ్చే రిపోర్టు మొత్తం దారినే మార్చగలదు.

మెదడంతటికీ ఎందుకు ఇవ్వలేదు

మెదడంతటికీ రేడియేషన్ అంటే సాధారణంగా పది సిట్టింగుల్లో 30 గ్రే (రేడియేషన్ డోసు కొలత). దశాబ్దాలపాటు అందరికీ ఇదే ఇచ్చాం. ఖర్చు తక్కువ, ఏ మెషీన్ మీదైనా అవుతుంది, ప్లానింగ్ తేలిక. దీనికి చెల్లించే మూల్యం నెలల తర్వాత తెలుస్తుంది. మతిమరుపు, మందకొడితనం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకటి నుంచి మూడు మచ్చలున్నవాళ్లకు ఒక గుంపులో రేడియోసర్జరీ (మచ్చ మీదే గురిపెట్టి ఇచ్చే గట్టి రేడియేషన్) మాత్రమే ఇచ్చారు, రెండో గుంపులో దానికి తోడు మెదడంతటికీ రేడియేషన్ ఇచ్చారు. మూడు నెలలకు జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతిన్నవాళ్లు మొదటి గుంపులో 63.5 శాతం, రెండో గుంపులో 91.7 శాతం. రెండో గుంపు ఎక్కువకాలమేమీ బతకలేదు.

అదే ఏడాది బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో జరిగిన క్వార్ట్జ్ అధ్యయనం ఇంకా కటువైనది. సర్జరీకీ రేడియోసర్జరీకీ పనికిరాని 538 మంది ఊపిరితిత్తి క్యాన్సర్ రోగుల్లో సగం మందికి స్టెరాయిడ్, సంరక్షణ మాత్రమే. మిగతా సగానికి వాటితో పాటు మెదడంతటికీ రేడియేషన్. బతికిన కాలం 8.5 వారాలు, 9.2 వారాలు. రేడియేషన్ డాక్టరుగా ఇది జీర్ణించుకోవడం నాకు తేలిక కాలేదు. మంచం మీద నుంచి లేవలేని, మిగతా వైద్యాలన్నీ అయిపోయిన మనిషిని అంబులెన్సులో పదిసార్లు తిప్పడం ఎవరి తృప్తి కోసమో కుటుంబంతో మాట్లాడుకోవాలి.

మెదడంతటికీ రేడియేషన్ పనికిరాదని దీని అర్థం కాదు. స్మాల్ సెల్ రకం ఊపిరితిత్తి క్యాన్సర్‌లో, లెక్కపెట్టలేనన్ని మచ్చలున్నప్పుడు, మందు పనిచేసే జన్యు మార్పేదీ లేనప్పుడు ఇప్పటికీ అదే ఇస్తాను. ఇచ్చేటప్పుడు జ్ఞాపకాన్ని చూసుకునే హిప్పోక్యాంపస్‌ను తప్పించి, మెమాంటిన్ మాత్ర జోడిస్తాను. ఆ రెండూ కలిపితే నష్టం తగ్గుతుందని 2020లో వచ్చిన అధ్యయనం చూపించింది.

మచ్చల సంఖ్య విషయానికొస్తే, జపాన్‌లో 1,194 మంది మీద జరిగి 2014లో వచ్చిన పరిశీలన చూడాలి. రేడియోసర్జరీ మాత్రమే తీసుకున్నవాళ్లలో రెండు నుంచి నాలుగు మచ్చలున్నవాళ్లు సగటున 10.8 నెలలు బతికారు. ఐదు నుంచి పది ఉన్నవాళ్లు? వాళ్లూ 10.8 నెలలే. ఊపిరితిత్తి క్యాన్సర్ మెదడుకు పాకినవాళ్ల భవిష్యత్తును అంచనా వేయడానికి 2017లో వచ్చిన స్కోరులోనూ సంఖ్యకు బరువు తక్కువే. మచ్చలు ఐదు కన్నా తక్కువ ఉంటే అర పాయింటు. ఈజీఎఫ్ఆర్ లేదా ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు ఉంటే నిండుగా ఒక పాయింటు.

ఎనిమిదో రోజు రక్తం రిపోర్టు వచ్చింది. ఈజీఎఫ్ఆర్, ఎక్సాన్ 19 డిలీషన్, అంటే ఆ జన్యువులో ఒక చిన్న ముక్క లేకపోవడం. తర్వాత వచ్చిన ముక్క రిపోర్టూ అదే చెప్పింది. పొగతాగని ఆడవాళ్లలో, అడినోకార్సినోమాలో ఈ మార్పు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి మేం కొంత ఎదురుచూసిందే.

ట్యూమర్ బోర్డులో

ఈ మార్పున్నవాళ్లకు ఓసిమెర్టినిబ్ అనే మాత్ర రోజుకు 80 మిల్లీగ్రాములు. దీనికన్నా ముందు తరం మాత్రలు గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మెదడులోకి అంతంతమాత్రంగానే చేరతాయి. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ వాటిని చాలావరకు ఆపేస్తుంది. ఓసిమెర్టినిబ్ దాటగలదు. 2018లో వచ్చిన ఫ్లౌరా అధ్యయనంలో పాత మాత్రలతో జబ్బు 10.2 నెలలు అదుపులో ఉంటే, దీనితో 18.9 నెలలు ఉంది. మెదడుకు పాకినవాళ్లలోనూ లాభం కనిపించింది.

అన్ని విభాగాల డాక్టర్లూ కలిసి కూర్చునే ఈ బోర్డులో అసలు వాదన, మాత్ర ఒక్కటే చాలా, రేడియోసర్జరీ కూడా కావాలా అన్నది. మెడికల్ ఆంకాలజిస్టు మాత్ర మొదలుపెట్టి ఆరు వారాలకు ఎంఆర్ఐ చూద్దామన్నారు. చిన్న మచ్చల విషయంలో నేనూ ఒప్పుకున్నాను. పెద్దదాని మీద ఒప్పుకోలేదు. అది ఇప్పటికే ఫిట్స్ తెప్పించింది, చేతిని దెబ్బతీసింది, స్టెరాయిడ్ ఆపితే మళ్లీ తిరగబడుతుంది, స్టెరాయిడ్‌తో షుగర్ అదుపులో లేదు. మాత్ర పనిచేయకపోతే రెండో అవకాశం దొరికేలోపు ఎడమవైపు పోవచ్చు.

న్యూరోసర్జన్ అభిప్రాయం సూటిగా ఉంది. మూడు సెంటీమీటర్లు దాటిన గడ్డ, మెదడును పక్కకు నెట్టేస్తున్న గడ్డ, చిన్న మెదడులో నీటి దారిని మూసేస్తున్న గడ్డ, మూలం ఎక్కడో తెలియని గడ్డ అయితే తీసేద్దాం. ఇక్కడ ఈ నాలుగూ లేవు, పైగా చేతి పట్టీని ఆనుకుని ఉంది.

చివరికి పెద్దదానికి మూడు సిట్టింగుల రేడియోసర్జరీ, అది అయిన మర్నాడు మాత్ర, మిగతా నాలుగింటి మీద కన్నేసి ఉంచడం అని తేల్చాం. ఐదింటికీ రేడియోసర్జరీ చేసి ఉండేవాళ్లు ఈ ఊళ్లోనే చాలామంది ఉన్నారు, వాళ్ల వాదనలోనూ బలముంది.

చెప్పాలా, వద్దా

"అమ్మకు క్యాన్సర్ అని చెప్పొద్దు మేడం, కుంగిపోతుంది." మన ఇళ్లలో ఇది లేకుండా కేసు సాగదు. నేను అబద్ధం చెప్పనని, ఆమె అడగనిదాన్ని తోసుకెళ్లి చెప్పననీ కొడుకుతో ముందే మాట్లాడుకున్నాను. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పెట్టే మాస్కు చేసే రోజు ఆమె అడిగారు. "ఎంఎన్‌జే బోర్డు చూసినా భయపడేదాన్ని. ఇప్పుడు నా తలకే ఈ జాలీ ముసుగు వేస్తుంటే గడ్డ మంచిదని ఎలా అనుకుంటా?" రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ఆమె తమ్ముడి భార్యను తీసుకెళ్లి కొన్నాళ్లు తోడున్నారట. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగినవన్నీ పనికొచ్చే ప్రశ్నలే. జుట్టు పోతుందా? అన్నం ఎవరు వండాలి? మనవరాల్ని ఎత్తుకోవచ్చా? ఆ రోజు నుంచి మందుల డబ్బా ఆమే చూసుకున్నారు. తెలియకుండా ఉంచిన రోగి మందులు సరిగ్గా వేసుకోవడం నేను తక్కువే చూశాను.

రేడియోసర్జరీ

పేరులో సర్జరీ ఉన్నా కత్తి లేదు. 1951లో స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ ఈ పద్ధతిని ప్రతిపాదించారు, 1968లో స్టాక్‌హోమ్‌లో మొదటి గామా నైఫ్ వచ్చింది. ఇప్పుడు ఎక్కువచోట్ల మామూలు లీనియర్ యాక్సిలరేటర్ మీదే ఇదే పని అంతే కచ్చితంగా జరుగుతోంది. ఎన్నో దిక్కుల నుంచి వచ్చే పలుచని కిరణాలు గడ్డ దగ్గర కలుస్తాయి. దారిలో ఉన్న మెదడుకు కొద్దిగానే తగులుతుంది, కలిసిన చోట పూర్తి డోసు పడుతుంది.

ప్లానింగ్‌కి ఒక మిల్లీమీటరు మందంతో కొత్త ఎంఆర్ఐ తీయించాం. పాత ఎంఆర్ఐ మీద ప్లాన్ చేయకూడదు, గడ్డ రెండు వారాల్లోనే పెరగొచ్చు, స్టెరాయిడ్‌తో వాపు తగ్గి పక్కకు జరగొచ్చు. గడ్డ చుట్టూ ఒక మిల్లీమీటరు అంచు వదిలి 27 గ్రే, రోజు విడిచి రోజు మూడు సిట్టింగుల్లో. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ అయితే ఒకే సిట్టింగులో పూర్తిచేసేదాన్ని. ఈ సైజుకు ఒకే దెబ్బలో ఇవ్వగలిగే డోసు తగ్గించాల్సి వస్తుంది, తగ్గిస్తే గడ్డ అదుపు తప్పుతుంది. మూడుగా విడగొడితే రెండూ కుదురుతాయి. 18 గ్రే దాటి అందే మెదడు భాగం 30 సీసీల లోపు ఉండాలన్నది మేం పెట్టుకునే హద్దు. ఇక్కడ 24 వచ్చింది.

ఒక్కో సిట్టింగు అరగంట లోపే. ఆమె నడిచి వచ్చి, నడిచి మెట్రో ఎక్కి వెళ్లిపోయారు.

మాత్రతో ఏడాది

ఎనిమిది వారాలకు ఎంఆర్ఐ. చిన్న మచ్చల్లో మూడు కనిపించలేదు, నాలుగోది చుక్కంత మిగిలింది. పెద్దది 1.6 సెంటీమీటర్లకు తగ్గింది. ఊపిరితిత్తి గడ్డ సగానికి పైగా కుంచించుకుపోయింది. స్టెరాయిడ్‌ను అప్పటికే నాలుగు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపేశాం. అయినా తొడల్లో బలం పోయి, కింద కూర్చుంటే పట్టుకుని లేవాల్సి వచ్చేది. ఇది స్టెరాయిడ్ చేసే పనే. జబ్బు ముదిరిందని కుటుంబం భయపడింది. ఆపాక రెండు నెలల్లో బలం వచ్చింది.

మాత్రతో గోళ్ల పక్కన చీము పట్టింది, అప్పుడప్పుడూ విరేచనాలు. ఈసీజీలు సరిగ్గానే ఉన్నాయి. ఖర్చు మాత్రం అసలు దుష్ప్రభావం. కంపెనీ సాయం పథకంతో నడిచింది. 2024 కేంద్ర బడ్జెట్‌లో ఓసిమెర్టినిబ్‌తో సహా మూడు క్యాన్సర్ మందుల మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, అయినా సాయం లేకుండా ఓ మధ్యతరగతి ఇల్లు ఏళ్లపాటు మోయగల మందు కాదు.

ఐదో నెలలో జరిగిన ఒక విషయం రాయాలి. లెవెటిరాసెటమ్‌తో ఆమెకు చిరాకు పెరిగింది. కోడలి మీద, పనమ్మాయి మీద అరవడం, తర్వాత ఏడవడం. ఇది ఆ మందుకు తెలిసిన గుణమే. ఊరెళ్లినప్పుడు అక్కడి డాక్టరుకు చూపిస్తే దాన్ని ఆపి ఫెనిటాయిన్ రాశారు. ఫిట్స్‌కి అది పాత, మంచి మందే. కానీ కాలేయంలో ఓసిమెర్టినిబ్‌ను విరగ్గొట్టే ఎంజైమును అది ఉసిగొల్పుతుంది. రోజూ మాత్ర వేసుకుంటున్నా రక్తంలో మందు సరిపోయినంత ఉండదు. టీబీకి వాడే రిఫాంపిసిన్ కూడా ఇదే పని ఇంకా గట్టిగా చేస్తుంది. మొదట్లో అనుమానం మీద టీబీ మందులు మొదలుపెట్టి, దాంతో పాటు ఈ మాత్ర కూడా ఇచ్చి ఉంటే మాత్ర పనిచేయలేదని రాసుకునేవాళ్లమేమో. నేను ప్రతిసారీ మందుల సంచీ మొత్తం బల్ల మీద గుమ్మరించి చూస్తాను కాబట్టి ఇది పది రోజుల్లోనే దొరికింది. ఈసీజీ చూసి లాకోసమైడ్ అనే వేరే ఫిట్స్ మందుకి మార్చాం. కోపం తగ్గింది.

పదమూడో నెల: మళ్లీ వచ్చిందా?

ఎడమచేతిలో మళ్లీ కొంచెం తడబాటు. ఎంఆర్ఐలో పెద్ద మచ్చ 1.6 నుంచి 2.4 సెంటీమీటర్లకు పెరిగింది, చుట్టూ వాపు. రిపోర్టులో "జబ్బు పెరిగింది" అని రాసి ఉంది. కొడుకు ఆ కాగితం పట్టుకుని వచ్చేసరికే ఇంట్లో అందరూ ఏడ్చేసి ఉన్నారు.

రేడియోసర్జరీ ఇచ్చిన చోటే, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్యలో పెరుగుదల కనిపిస్తే రెండు కారణాలుండొచ్చు. క్యాన్సర్ తిరగబడటం ఒకటి. రేడియేషన్‌తో ఆ చోటి కణజాలం చనిపోయి వాచడం, అంటే రేడియేషన్ నెక్రోసిస్, రెండోది. మామూలు ఎంఆర్ఐలో రెండూ ఒకేలా మెరుస్తాయి. ఒకదానికి మళ్లీ రేడియేషన్ కావాలి, రెండోదానికి మళ్లీ రేడియేషన్ ఇస్తే విషమే.

మాకు తోడ్పడినవి మూడు. పర్ఫ్యూజన్ ఎంఆర్ఐలో ఆ మచ్చలో రక్తప్రసరణ తక్కువగా ఉంది, బతికున్న క్యాన్సర్‌లో సాధారణంగా పెరుగుతుంది. పెట్ స్కాన్‌లో అక్కడ మెరుపు తక్కువ. అన్నిటికన్నా నాకు బలంగా తోచింది మూడోది. రేడియేషన్ ఇవ్వని నాలుగు చోట్లా, ఊపిరితిత్తిలో కూడా జబ్బు అణిగే ఉంది. మాత్ర అన్నిచోట్లా పనిచేస్తూ, గట్టి రేడియేషన్ పడిన ఒక్కచోటే ఓడిపోవడం జరగనిది కాదు, కానీ తక్కువ. నెక్రోసిస్ అని తేల్చి స్టెరాయిడ్ ఇచ్చాం, షుగర్ మళ్లీ ఎగిరింది. బెవాసిజుమాబ్ మూడు వారాలకొకసారి నాలుగు డోసులు ఇచ్చాం. ఇది కారుతున్న రక్తనాళాలను బిగించి వాపు తగ్గిస్తుంది. బీపీ, మూత్రంలో ప్రోటీన్ చూస్తూ ఉండాలి. రెండో డోసుకే స్టెరాయిడ్ ఆపగలిగాం. చెయ్యి కుదుటపడింది. తర్వాతి ఎంఆర్ఐలో వాపు పోయింది, మచ్చ 1.5.

ఇప్పుడు

ఇరవయ్యొకటో నెలలో ఊపిరితిత్తి గడ్డ పెరగడం మొదలైంది. మెదడు నిలకడగా ఉంది. మళ్లీ ముక్క తీశాం. మాత్రకు లొంగకుండా తప్పించుకునే కొన్ని దారులున్నాయి, ఎంఈటీ జన్యువు పెరగడం, స్మాల్ సెల్ రకంగా మారిపోవడం లాంటివి. అవేవీ కనిపించలేదు. కార్బోప్లాటిన్, పెమెట్రెక్సెడ్ కీమో మొదలుపెట్టి ఓసిమెర్టినిబ్‌ను కొనసాగించాం. ఊపిరితిత్తిలో అది విఫలమైనా మెదడుకు కాపలా కాస్తోంది కాబట్టి ఆపలేదు.

ఇదే కేసు ఇవాళ మొదటిసారి వస్తే కీమోను మొదటి నుంచే మాత్రతో కలిపి ఇవ్వడం గురించి మాట్లాడతాను. ఫ్లౌరా 2 అధ్యయనం 2023లో వచ్చింది, కలిపి ఇస్తే జబ్బు అదుపు 16.7 నుంచి 25.5 నెలలకు పెరిగింది. మెదడుకు పాకినవాళ్లకూ దాని వల్ల మేలే జరిగింది. అందరూ కీమో తట్టుకోలేరు, అందుకే అది రోగిని చూసి తేల్చుకోవాల్సిన విషయం.

నాలుగు సైకిళ్లయ్యాక కార్బోప్లాటిన్ ఆపి పెమెట్రెక్సెడ్, మాత్ర నడిపిస్తున్నాం. ఫోలిక్ యాసిడ్, బీ12 తప్పనిసరి. మెదడు ఎంఆర్ఐ మూడు నెలలకొకసారి. కొత్త మచ్చ ఏదైనా వస్తే దానికొక్కదానికే రేడియోసర్జరీ అని ఫైలులో రాసి పెట్టాం. కుడి ఫ్రంటల్ మచ్చ దగ్గర మళ్లీ వాపు వస్తే రేడియేషన్ ఇవ్వకముందు పర్ఫ్యూజన్ తప్పక చేయించాలని దాని కిందే ఎర్ర సిరాతో ఉంది.